బాల్సా చెక్క విమానం కూడా డ్రోనేనా? విశాఖలో మోడల్ విమానాలు ఎగురవేసేవారికి వర్తించే నిబంధనల గురించి

ప్రశ్న: మధురవాడ మాస్టారు

అందరికీ నమస్కారం. మధురవాడ ప్రాంతంలోని ఒక పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మూడేళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ప్రతి ఆదివారం మోడల్ విమానాలు తయారు చేయిస్తున్నాను. మొదట చేత్తో విసిరే థర్మోకోల్ గ్లైడర్లతో ప్రారంభించాం. గరిమనాభి గురించి నల్లబల్ల మీద వారం రోజులు చెప్పినా ఎక్కని సంగతి, గ్లైడరు ముక్కుకు అంటించిన మట్టిముద్దను సగం తీసేసి విసిరినప్పుడు, అది ముక్కు పైకెత్తి, గాలిలో ఒక్క క్షణం ఆగి, తోక ఊపుతూ కూలిపోవడం చూడగానే పిల్లలకు అర్థమైపోయింది. ఈ ఏడాది చాలా తేలికగా ఉండే బాల్సా చెక్కతో, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 1.4 మీటర్లు ఉండే శిక్షణ విమానం ఒకటి కట్టాం. మోటారు, రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు (సర్వోలు) నాలుగు, లిపో బ్యాటరీ, రిసీవరు అన్నీ కలిపి ఒక కిలో 640 గ్రాములు తూగింది. దానికి కెమెరా లేదు, జీపీఎస్ లేదు, తనంతట తాను ఎగిరే శక్తి అసలే లేదు.

గత నెల ఒక ఆదివారం ఉదయం సముద్రపు ఒడ్డున దాన్ని ఎగురవేస్తుండగా పోలీసు సిబ్బంది ఇద్దరు వచ్చి డ్రోను అనుమతి పత్రం చూపించమన్నారు. ఇది డ్రోను కాదనీ, మోడల్ విమానమనీ, కెమెరా ఎక్కడా లేదనీ విప్పి చూపించాను. వారు మర్యాదగానే విన్నారు కానీ ట్రాన్స్‌మిటరును స్టేషనుకు తీసుకువెళ్లి, సాయంత్రం నా చేత ఒక కాగితం రాయించుకుని తిరిగి ఇచ్చారు. తొమ్మిది మంది పిల్లలు చూస్తుండగా, వాళ్ల మాస్టారు ఏదో తప్పు చేసినవాడిలా నిలబడవలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. అంతకంటే ఎక్కువగా బాధిస్తున్నది, నేను నిజంగా తప్పు చేశానో లేదో నాకే తెలియకపోవడం.

కెమెరా లేని, రెక్కలున్న మోడల్ విమానానికి డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయా? వర్తిస్తే లైసెన్సు, రిజిస్ట్రేషన్ రెండూ కావాలా? ఈ చుట్టుపక్కల ఎక్కడ ఎగురవేయవచ్చు? వేసవి శిబిరంలో సామగ్రి ఖర్చు కింద ఒక్కో విద్యార్థి దగ్గర 500 రూపాయలు తీసుకుంటే అది వాణిజ్య కార్యకలాపం అవుతుందా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

---

సమాధానం: ఎన్‌సీసీ పాత క్యాడెట్

మాస్టారికి నమస్కారం. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఉన్న రోజుల్లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవాణ్ణి. మీ ఉత్తరం చదువుతుంటే నా చేతులకు మళ్లీ బాల్సా పొడి, రెక్క గుడ్డ బిగుసుకోవడానికి పూసే డోప్ వాసన అంటుకున్నట్టయింది. అందుకే కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

ముందుగా మీకు నచ్చని మాట చెప్పాలి. చట్టం దృష్టిలో మీ విమానం డ్రోనే. 2021 ఆగస్టు 25న కేంద్ర పౌర విమానయాన శాఖ ప్రకటించిన డ్రోన్ నిబంధనల్లో డ్రోను అంటే, లోపల పైలట్ లేకుండా దూరం నుంచి నడపగలిగేది లేదా తనంతట తాను నడవగలిగేది అయిన విమానం. ఆ నిర్వచనంలో కెమెరా ప్రస్తావన లేదు. పైగా వాటిని రెక్కల విమానం, తిరుగుడు రెక్కల విమానం, రెండూ కలిసినది అని స్పష్టంగా మూడు రకాలుగా విడదీశారు. అంటే మనం చిన్నప్పటి నుంచి మోడల్ అని పిలుచుకుంటున్నది కూడా అందులో మొదటి రకం కిందకు వచ్చేస్తుంది. ఆ పోలీసు సిబ్బంది అడగడంలో తప్పు లేదు.

అయితే అవే నిబంధనలు మోడల్ విమానాలను ఒక ప్రత్యేక ఉపవర్గంగా గుర్తించాయి. బరువు 25 కిలోలు మించకూడదు. చదువు, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదం కోసమే వాడాలి. ఎగురవేసేవారి కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. మీ ఆదివారం తరగతి ఈ మాటల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఈ ఉపవర్గానికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. కారఖానాలో తయారై మార్కెట్లోకి వచ్చే డ్రోను నమూనాను పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం అది. ఇంటి బల్ల మీద కట్టుకున్న విమానానికి దాన్ని అడగకపోవడం న్యాయమే.

ఇక పైలట్ సంగతి. బరువును బట్టి ఐదు తరగతులున్నాయి. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఏ పనికీ అక్కర్లేదు. మైక్రోకు వాణిజ్యేతర వినియోగంలో అక్కర్లేదు. మీ విమానం 1,640 గ్రాములు కాబట్టి, డబ్బు ప్రమేయం లేనంతవరకు మీకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. బ్యాటరీతో సహా, ఎగిరే క్షణానికి ఎంత బరువుంటుందో అదే లెక్క. పెద్ద బ్యాటరీ వేసిన రోజున మళ్లీ తూచుకోండి.

నా దగ్గర 3.2 కిలోల ఇంజిను విమానం ఉంది. రెక్క మీద సిల్కు గుడ్డ నేనే పరిచి డోప్ వేశాను. అది 2 కిలోలు దాటింది కనుక స్మాల్ తరగతి కిందకు వస్తుంది, సర్టిఫికెట్ తప్పనిసరి. నేను విచారించిన శిక్షణ కేంద్రాల్లో నాలుగు మోటార్ల డ్రోన్ల మీదే శిక్షణ ఇస్తున్నారు. రెక్కల విమానం నేర్పేవారు దొరకలేదు. రెండేళ్లుగా అది గోడకే వేలాడుతోంది. దుమ్ము దులిపినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

రిజిస్ట్రేషన్ దగ్గర అసలు చిక్కు ఉంది. టైప్ సర్టిఫికెట్ మినహాయింపు వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప ఏ డ్రోనునైనా నమోదు చేసి, యూఐఎన్ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోకుండా ఎగురవేయకూడదు. ఆ సంఖ్యను తయారీదారు ఇచ్చిన వరుస సంఖ్యతోనూ, డ్రోనును గాలిలో నిలకడగా నడిపే చిన్న కంప్యూటరు, అంటే ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూలు సంఖ్యతోనూ, రిమోటు సంఖ్యతోనూ ముడిపెడతారు. బాల్సా విమానానికి తయారీదారు ఎవరు? మీ తొమ్మిదో తరగతి పిల్లలు. ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూలు ఎక్కడుంది? లేదు. అగ్గిపెట్టెంత రిసీవరు, దాని నుంచి సర్వోలకు వెళ్లే నాలుగు తీగలు, అంతే. నేల మీద పడి ముక్కు విరిగితే బుధవారానికి కొత్త ముక్కు కడతాం, ఆదివారానికి రిసీవరు వేరే విమానంలోకి మారుతుంది. ఈ నిబంధన రాసినవారి కళ్ల ముందు డబ్బాలోంచి తీసి ఎగురవేసే డ్రోను ఉంది కానీ మన అభిరుచి లేదు. నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే. దీన్ని కోపంతో కాదు, సరిచేయవచ్చన్న నమ్మకంతోనే చెబుతున్నాను.

ఎందుకంటే పరిస్థితి ఇంతకంటే చాలా అధ్వానంగా ఉండేది. 2014 అక్టోబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక ప్రకటనతో పౌరులు డ్రోన్లు ఎగురవేయడాన్నే ఆపివేసింది. 2018 ఆగస్టులో నిబంధనలు వచ్చి డిసెంబరు 1 నుంచి అమలయ్యాయి. 2021 మార్చిలో మరో నిబంధనావళి వచ్చింది. దాని బరువుకు అందరూ మొరపెట్టుకుంటే ఐదు నెలల్లోనే దాన్ని తీసేసి ఇప్పుడున్నది తెచ్చారు. అడిగితే మారుతుందని చెప్పడానికి ఇదే రుజువు.

---

సమాధానం: డ్రోన్ సర్వే, వీడియో పనులు

మాస్టారూ, నేను ఇదే వృత్తిగా బతుకుతున్నాను. లేఅవుట్ల సర్వే, కట్టడాల ప్రగతి చిత్రాలు, పెళ్లి వీడియోలు చేస్తాను. డబ్బు తీసుకుంటే ఏమవుతుందన్న మీ ప్రశ్న వరకు నేను చెప్పగలను.

250 గ్రాములు దాటిన డ్రోనుతో డబ్బు కోసం పని చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. వయసు 18 నుంచి 65 మధ్య ఉండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో శిక్షణ పూర్తి చేయాలి. 2022 ఫిబ్రవరి సవరణ తర్వాత ఆ సంస్థ జారీ చేసే సర్టిఫికెట్టే సరిపోతుంది. దాన్ని లైసెన్సు అనడం మానేశారు. మొదట్లో పాస్‌పోర్టు ఉండాలని పట్టుబట్టేవారు. పల్లెల్లో మందు పిచికారీ చేసే కుర్రాళ్లకు పాస్‌పోర్టు ఎక్కడిది? 2023 సెప్టెంబరులో ఆ షరతు తీసేసి, ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు, చిరునామా పత్రాలు చాలన్నారు. సర్టిఫికెట్ రుసుము 100 రూపాయలే, పదేళ్లు చెల్లుతుంది. ఖర్చంతా శిక్షణకే అవుతుంది.

మీ 500 రూపాయల సంగతికి వస్తే, సామగ్రి ఖర్చు పంచుకోవడం వ్యాపారం కాదని నేను కూడా నమ్ముతాను. కానీ రోడ్డు పక్కన నిలబడి ఆ వాదన గెలవడం కష్టం. రసీదు మీద సామగ్రి అని విడిగా రాయించి, బోధనకు రుసుము లేదని పాఠశాల చేత ఒక కాగితం మీద రాయించుకోండి. లేదంటే శిబిరంలో చేయించే విమానాలన్నీ 250 గ్రాముల లోపు ఉండేలా చూసుకోండి. నానోకు పైలట్ సర్టిఫికెట్ ఎలాగూ అక్కర్లేదు కాబట్టి వ్యాపారమా, కాదా అన్న ప్రశ్నే తలెత్తదు.

బీమా గురించి పాత క్యాడెట్ గారు రాయలేదు, అది చాలా ముఖ్యం. నానో తప్ప మిగిలిన డ్రోన్లకు మోటారు వాహనాల చట్టంలో ఉన్నట్టే మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా ఉండాలి. దీని విలువ నాకు అనుభవం మీద తెలిసింది. మూడేళ్ల క్రితం ఒక పెళ్లి ఊరేగింపులో నేను వెనక్కి చూడకుండా డ్రోనును వెనక్కి నడపడంతో అది విద్యుత్ తీగకు తగిలి, పక్కన ఆగి ఉన్న ఆటో అద్దం మీద పడింది. డ్రైవరు అప్పుడే టీ తాగడానికి దిగాడు. ఆ సీటు మీద పరుచుకున్న గాజు ముక్కలను నా చేత్తో ఏరాను. తప్పు పూర్తిగా నాదే. అప్పటికి నాకు బీమా లేదు. అద్దం డబ్బులు, ఆయన రెండు రోజుల సంపాదన ఇచ్చుకున్నాను. మనిషి ఆ సీట్లోనే ఉండి ఉంటే ఏమిచ్చుకోగలిగేవాణ్ణో ఇప్పటికీ ఊహించలేను. ఆ మర్నాడే పాలసీ తీసుకున్నాను.

ఇంకొక్క మాట. విదేశాల నుంచి వచ్చేవారి చేత డ్రోను తెప్పించుకోవద్దని మీ విద్యార్థుల తల్లిదండ్రులకు చెప్పండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి నిషేధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు ఆ నిషేధం లేదు, కాబట్టి మీ మోటార్లకు, సర్వోలకు ఇబ్బంది ఉండదు.

---

సమాధానం: విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

పై ఇద్దరూ బరువు గురించి, డబ్బు గురించి చక్కగా రాశారు. విశాఖలో మాత్రం అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరు: మీరు ఎక్కడ నిలబడి ఎగురవేస్తున్నారు? మ్యాపులో ఎర్రగా చూపే నిషిద్ధ ప్రాంతంలో, అంటే ఎర్ర మండలంలో, 200 గ్రాముల బొమ్మకైనా, 20 కిలోల డ్రోనుకైనా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలసిందే.

మన విమానాశ్రయం మామూలు విమానాశ్రయం కాదు. అది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా; పౌర విమానాలు అందులో ఒక పక్కన నడుస్తాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నేవల్ డాక్‌యార్డు, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. భీమిలి వైపు వెళితే ఐఎన్ఎస్ కళింగ ఉంది. సైనిక స్థావరాల సరిహద్దు నుంచి 3 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగురవేయకూడదని 2018 నిబంధనల్లోనే ఉండేది. ఇప్పుడు ఆ హద్దులను డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు మ్యాపులో రంగులతో చూపిస్తున్నారు. ఎగురవేసే ముందు ఆ మ్యాపు చూసుకోవడం మీ బాధ్యతేనని నిబంధనల్లో ఉంది, తెలియదంటే కుదరదు.

విమానాశ్రయం వరకు లెక్క ఇది. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు మండలం, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు ఆకుపచ్చ, అంటే విడిగా అనుమతి అక్కర్లేదు; ఆపైన పసుపు. 12 దాటాక, మరే ఆంక్షా లేని చోట, 400 అడుగుల వరకు ఆకుపచ్చ. 5 కిలోమీటర్ల లోపల ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకని కొందరు విసుక్కుంటారు. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వేకు 5 కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు సుమారు 260 మీటర్లు. మీ 200 అడుగులు, అంటే 60 మీటర్ల ఎత్తు ఎక్కడ, అది ఎక్కడ అనిపిస్తుంది. కానీ హెలికాప్టర్లు ఆ వాలును పట్టుకుని రావు. మబ్బు కిందికి దిగిన రోజున తీరం వెంట తక్కువ ఎత్తులో వస్తాయి. ఒక పక్క యారాడ కొండ, ఒక పక్క సింహాచలం కొండలు, ఎదుట సముద్రం ఉన్న ఈ ఊళ్లో గాలిలో తప్పుకోవడానికి ఉండే చోటు మీరనుకున్నంత లేదు. ఎదురుపడితే తప్పుకోవలసిన బాధ్యత ఎప్పుడూ డ్రోనుదే, మనుషులున్న విమానానిది కాదు. 2021 జూన్ 27న జమ్ము వైమానిక స్థావరం మీద డ్రోన్లతో దాడి జరిగిన సంగతిని నౌకాదళం ఉన్న ఊరు మరిచిపోలేదు. ఆ దాడి జరిగిన రెండు నెలలకే ప్రభుత్వం నిబంధనలను కఠినం చేయకుండా సరళం చేయడం నాకు ఈనాటికీ గొప్పగా కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని మనం నిలబెట్టాలి.

మధురవాడ, రుషికొండ విమానాశ్రయం లెక్కలో 12 కిలోమీటర్లకు అవతలే ఉంటాయి. అయినా మ్యాపు చూడకుండా నా మాట మీద వెళ్లవద్దు. ఆర్కే బీచి వైపు వెళ్లనే వద్దు. నౌకాదళ స్థావరాలు పక్కనే ఉన్నాయి, నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఏళ్ల తరబడి జరిగిందీ అక్కడే. ముఖ్యమైన సందర్భాల్లో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి 96 గంటల వరకు ఏ ప్రాంతాన్నైనా తాత్కాలిక ఎర్ర మండలంగా ప్రకటించవచ్చు. కాబట్టి పోయిన వారం ఆకుపచ్చగా ఉన్న చోటు ఈ వారం అలాగే ఉంటుందన్న భరోసా లేదు. ఇంకొకటి, భోగాపురంలో కొత్త విమానాశ్రయం నడవడం మొదలైతే ఈ వలయాలన్నీ దాని చుట్టూ కూడా ఏర్పడతాయి. ఆనందపురం, తగరపువలస వైపు మైదానాలు వెతుక్కుంటున్నవారు అది గుర్తుంచుకోవాలి.

పోలీసుల విషయంలో నా సలహా ఒకటే. ముందు రోజు స్థానిక స్టేషనులో ఒక ఉత్తరం ఇచ్చి, చోటు, సమయం, విమానం బరువు, బాధ్యుల పేరు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నిబంధన అడగకపోయినా ఆ కాగితం మీ జేబులో ఉంటే మాట తీరే మారుతుంది.

---

మధురవాడ మాస్టారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వారం రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చెప్పినవి చేసి చూడాలనుకున్నాను. ఆ రోజు మేము నిలబడిన చోటును మ్యాపులో చూశాను. అది ఎర్ర మండలం. తప్పు నాదేనని సోమవారం తరగతిలో పిల్లలకు చెప్పాను. ఇక అక్కడికి వెళ్లం.

పెద్ద విమానానికి నమోదు దరఖాస్తు పెడుతున్నాను. ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూలు గడి దగ్గర పాత క్యాడెట్ గారు చెప్పిన చిక్కే ఎదురైంది. ఆ చిక్కును వివరిస్తూ మంత్రిత్వ శాఖకు ఒక వినతిపత్రం రాయాలనుకుంటున్నాను. తోటి మోడలర్లు సంతకాలు చేస్తే బాగుంటుంది. తేలేవరకు పెద్ద విమానం పాఠశాల ప్రయోగశాలలోనే ఉంటుంది.

వేసవి శిబిరానికి నానో విమానమే ఎంచుకున్నాం. పిల్లలు ఫోమ్ షీటుతో కట్టిన మొదటి నమూనాను ప్రయోగశాల త్రాసు మీద పెడితే 263 గ్రాములు చూపించింది. అందరి ముఖాలూ వాడిపోయాయి. తర్వాత ఒక్కొక్క భాగం విప్పి తూచడం మొదలుపెట్టారు. 9 గ్రాముల సర్వోలు రెండు తీసి 5 గ్రాములవి వేశారు. చక్రాలు, వాటి తీగ కలిపి 13 గ్రాములని తేలడంతో, చేత్తో విసిరి గడ్డి మీద పొట్టతో దించితే చక్రాలెందుకని ఒక అమ్మాయి అడిగింది. తీసేశాం. మళ్లీ పెడితే 242.

ఒక చిన్న సందేహం మిగిలింది. విమానం ఇంత తేలికైతే మన తీరపు గాలికి నిలుస్తుందా?

---

ఎన్‌సీసీ పాత క్యాడెట్

ఉదయం ఆరు, ఏడున్నర మధ్య నిలుస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. అప్పుడు 242 గ్రాములది పతంగిలా కొట్టుకుపోయి ఏ కొబ్బరి చెట్టు మీదో వాలుతుంది. గాలికి ఎదురుగానే విసరమనండి.

విసిరే ముందు ప్రతిసారీ ఒక పని చేయించండి. ప్రొపెల్లరు తీసేసి, మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటరు ఆపివేయాలి. మోటారు వెంటనే ఆగాలి. ఆగకపోతే రిసీవరులో ఫెయిల్‌సేఫ్, అంటే సంకేతం తెగితే మోటారును ఆపే ఏర్పాటు, సరిగ్గా పెట్టలేదన్నమాట. సంకేతం తెగిన రోజున ఆ విమానం ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చబడతాయి, నెలకొకసారి స్పిరిట్‌తో తుడిపించండి.

వినతిపత్రం సిద్ధమైతే ఇక్కడే పెట్టండి. మొదటి సంతకం నాది.